ముప్పై రెండు బోరు దొరతనం

తెల్ల లినెన్ చొక్కా కుట్టించాడు. నల్ల బండి కొన్నాడు, నెంబరులో నాలుగు తొమ్మిదుల కోసం వేలంలో లక్షలు పోశాడు. పుట్టినరోజు నాడు గద్వాల పాత బస్టాండు నుంచి కోట దాకా కరెంటు స్తంభం కనపడకుండా ఫ్లెక్సీలు కట్టించాడు. అయినా అద్దం ముందు నిలబడితే నడుము దగ్గర ఏదో వెలితి. అది పిస్తోలు వెలితి. అదీ ఏదో ఒకటి అంటే కుదరదు. తొలి పిస్తోలు కదా, ‘క్లాసిక్’ ఉండాలి. చెక్క పిడి, నల్లటి ఉక్కు, వెనక్కి లేచి నిలబడ్డ హ్యామరు. ఫోన్లో బొమ్మ తీసి చూపిస్తాడు: అమెరికా వాళ్ల 1911. ‘ఇది పెట్టినవంటే లెక్కనే వేరుంటది అన్నా’ అని చుట్టూ ఉన్న నలుగురూ వంతపాట.

ఈ మోజు ఒక్క గద్వాలది కాదు. వనపర్తిలో సర్కారు వడ్లు మర పట్టించి, బియ్యం తిరిగివ్వడం మాత్రం మరిచిపోయిన మిల్లరుకూ ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం రోడ్డు పక్కన చెల్కలో తెల్లరాళ్లు పాతి ‘గేటెడ్ కమ్యూనిటీ’ అని బోర్డు పెట్టిన వెంచరు సారుకూ ఉంది. అయితే జబ్బు బాగా ముదిరింది మా గద్వాల విత్తనపత్తి ఆర్గనైజరుకే, అంటే కంపెనీకీ రైతుకూ నడుమనుండే దళారికే, కాబట్టి ఆయన్నే పట్టుకుందాం.

ముందు ఆ 1911 జాతకం. చేసినాయన జాన్ మోజెస్ బ్రౌనింగ్, యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ ఊరివాడు, తండ్రిది కూడా తుపాకుల పనే. ఫిలిప్పీన్స్‌లో మోరోలతో తలపడ్డ అమెరికా సైనికులకు తమ .38 రివాల్వరు దెబ్బ తిన్నవాడు కూడా ఆగకుండా మీదికొస్తాడని తెలిసొచ్చింది. 1904లో షికాగో కబేళాల్లో పశువుల మీద కాల్చి చూసి, తూటా .45 కంటే తగ్గకూడదని తేల్చారు. 1911 మార్చి పరీక్షలో బ్రౌనింగ్ పిస్తోలు ఆరు వేల తూటాలు ఒక్కసారీ మొరాయించకుండా పేల్చింది. ఆ నెల 29న సైన్యం దాన్ని తీసుకుంది. ఖాళీగా తూచినా కిలో దాటుతుంది. మా ఆర్గనైజరు నడుముకు రెండు ఫోన్లు, తాళాల గుత్తి, పొట్ట ఇప్పటికే ఉన్నాయి. ఈ కిలో కూడా వేలాడితే ప్యాంటు తన దారి తాను చూసుకుంటుంది. ఆరు వేల తూటాల పరీక్ష నెగ్గిన యంత్రం కావాలంటున్న ఈయన జన్మలో కాల్చేది, ఫామ్‌హౌసు ప్రహరీ మీద, ఒక మ్యాగజైనుకు మించదు. ఆ ప్రహరీ కూడా ఎదురు కాల్చదు.

ఎంపిక గురించి ఆయన రాత్రుళ్లు నిద్ర చెడగొట్టుకుంటున్నాడు గానీ, ఆ శ్రమ భారత ప్రభుత్వం ఎప్పుడో తీర్చేసింది. 9 ఎంఎం సర్వీసు తూటా పట్టేది నిషిద్ధం. .380, .455 రివాల్వరు తూటాలు పట్టేవి నిషిద్ధం. మామూలు మనిషి విదేశం నుంచి తెప్పించుకునే దారి 1980ల నడుమ మూసుకుపోయింది. అంతకుముందే దేశంలోకి వచ్చిన పాత కోల్టులు, వాల్తర్లు చేతులు మారుతూ కారు ధర పలుకుతున్నాయి. చివరికి ఎక్కువగా మిగిలేది .32. సర్కారు కర్మాగారాల ‘అశని’ పిస్తోలు ఆ బోరే, కాన్పూరు రివాల్వర్లూ ఆ బోరే. 2014లో కాన్పూరు వాళ్లు అర కిలో రివాల్వరుకు ‘నిర్భీక్’ అని పేరుపెట్టి, ఆడవాళ్ల రక్షణ కోసమని చెప్పి, లక్షా ఇరవై రెండు వేలకు పైగా ధర కట్టారు. అంత డబ్బు బీరువాలో ఉన్న ఆడమనిషికి ముందుగా ఎవరి నుంచి రక్షణ కావాలో ఇంట్లోవాళ్లను అడిగితే తెలిసేది.

ఆ .32 పిస్తోలు తూటా కూడా బ్రౌనింగ్‌దే, 1899 నాటిది. కాబట్టి ఆర్గనైజరు గారూ, బెంగ పెట్టుకోకండి. మీకు దొరికేది మీరు కోరుకున్న క్లాసిక్ కంటే పన్నెండేళ్లు పెద్ద క్లాసిక్. దెబ్బలో మాత్రం .45లో సగమైనా ఉండదు. పన్ను సంగతి కూడా వినండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పిస్తోళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి ఎక్కింది. ఆ వరుసలో పక్కన ఉన్నవి గ్యాసు కూల్‌డ్రింకులు, విలాసపు పడవలు. కూల్‌డ్రింకులు ఫామ్‌హౌసులో ఎలాగూ కావాలి. పడవ సంగతి జూరాల నిండినప్పుడు చూసుకోవచ్చు.

ఇక లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం, 2016 రూల్స్, ఏ-1 ఫారం, డాక్టరు సర్టిఫికెట్, తుపాకి పట్టడం నేర్చుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్, పోలీసు విచారణ, చివర కలెక్టరు సంతకం. వీటికి మనవాడు జంకలేదు. కాగితాలకు జంకితే ఆర్గనైజరు ఎలా అవుతాడు? చిక్కు వచ్చింది ‘ఎందుకు కావాలి’ అనే గడి దగ్గర. ‘భయం అనే మాట నా డిక్షనరీలనే లేదు’ అని పదేళ్లుగా ప్రతి ఫ్లెక్సీ మీదా రాయించుకున్న మనిషి, తన ప్రాణాలకు ముప్పు ఉందనీ, తనను తాను కాపాడుకోలేననీ రాసి, కింద సంతకం పెట్టి, ఫొటో అంటించి, ఒకటికి రెండు జిరాక్సులు ఇవ్వాలి. మగతనానికి మొదటి మెట్టు భయపత్రం. ఈ దేశంలో ఇంతకంటే నిజాయితీ గల ఫారం ఇంకోటి ఉందనుకోను.

విచారణకు వచ్చిన ఎస్సై మర్యాదగానే అడిగాడు. ‘ఎవరితోనన్న పంచాది ఉన్నదా అన్నా?’

‘మన జోలికొచ్చేటోడు ఎవడున్నడు సార్? అందరికీ మనమంటెనే భయం.’

‘అట్లయితే దరఖాస్తు వాళ్లు పెట్టుకోవాలె గదన్నా.’

ఆనాటి నుంచి పగోడి కోసం వేట మొదలైంది. బామ్మర్దిని బతిమాలుకున్నాడు: ‘ఫోన్ చేసి చంపుతనని ఒక్కసారి అనరా, రికార్డు చేసుకుంట.’ బామ్మర్ది తాపీగా ‘నిరుడు సంది అంటనే ఉన్న గద బావా, నువ్వే నవ్వులాట అనుకుంటివి’ అన్నాడట.

ఆయన భయం పూర్తిగా అబద్ధమని నేననను. గద్వాల చుట్టూ ఉన్న నడిగడ్డ చేలల్లో సాయంత్రం పూట మొగ్గ గిల్లి కేసరాలు తీసి, తెల్లారి లేచి మగపువ్వు తెచ్చి పుప్పొడి రుద్ది, అలా ఒక్కో పువ్వుకూ చేత్తో చేసిన క్రాసింగ్ పంట ఆయన గోదాముకే చేరుతుంది. నెలలు గడుస్తాయి. ‘పైసలెప్పుడిస్తవన్నా?’ అంటే ‘కంపెనీ నుంచి రాలే’ అంటాడు. ఇంకొన్నాళ్లకు ‘నీది జీవోటీ ఫెయిలైంది’ అంటాడు. ఆ విత్తన స్వచ్ఛత పరీక్ష ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో రైతుకు కనపడదు, ఆ మాట ఒక్కటే వినపడుతుంది. అడ్వాన్సు కింద ఇచ్చిన అప్పుకు మిత్తి మాత్రం ఏ పరీక్షా తప్పకుండా పాసవుతుంది. అలాంటి రైతులు పదిమంది కలిసి గేటు ముందు కూర్చున్న రోజున ఆయనకు మొదటిసారి నడుము దగ్గర వెలితి కనపడింది. ఫారంలో మాత్రం ‘గుర్తు తెలియని దుండగులు’ అని రాశాడు. గుర్తు తెలియకపోవడమేమిటి, వాళ్ల పాసుబుక్కులు ఆయన బీరువాలోనే ఉన్నాయి కదా!

కష్టపడి కొన్నాక అసలు బాధ మొదలవుతుంది. పదిమందిలో తిరిగేటప్పుడు పిస్తోలు ఒరలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి అని రూలు. కప్పడానికా కొన్నది? పెళ్లిలో వంగి కాళ్లు మొక్కుతూ, చొక్కా కాస్త పైకి లేచేలా చూసుకోవడం ఒక విద్య. వనపర్తి మిల్లరు దీనికోసమే రెండంగుళాలు పొట్టి చొక్కాలు కుట్టించుకుంటున్నాడని దర్జీ చెప్పాడు. ఏసీ కారు దిగి ‘ఉక్కపోత’ అంటూ కోటు తీసేవాళ్లను కూడా చూశాను.

దసరాకు ఆయుధపూజ సరేసరి. టిప్పరు, జేసీబీ, కల్టివేటరు వరుసగా నిలబెట్టి, వాటి ముందు పీట వేసి, పట్టుగుడ్డ మీద పిస్తోలు. దాని మీద పసుపు, కుంకుమ, అక్షతలు, నిమ్మకాయ రసం. ఆ పసుపు నూనెలో కలిసి ముద్దగా మారి స్లైడు సందుల్లోకి పోతుంది. తూటా ఖాళీ తొక్క బయటపడే కంతలో రెండు అక్షింతలు ఇరుక్కుంటాయి. ఆరు వేల తూటాలకు మొరాయించని బ్రౌనింగ్ పనితనం కూడా మన పూజకు మొరాయిస్తుంది. అమ్మవారు నిజంగానే ఊరిని కాపాడుతోందనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇరుక్కోకపోతే గాలిలోకి ఒకటి వదులుతారు. ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత సంబరానికి పేల్చినా రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. సాక్ష్యం కోసం పోలీసులు తిరగనక్కర్లేదు, ఆయనే వాట్సాప్ స్టేటస్ పెడతాడు.

ఒక్క మాట వెటకారం లేకుండా చెబుతాను. మ్యాగజైను ఊడదీసి ‘ఖాళీదేరా’ అని పిల్లల ముందు ట్రిగ్గరు నొక్కేవాళ్లున్నారు. మ్యాగజైను తీసినా గొట్టం వెనక గదిలో ఒక తూటా కూర్చుని ఉండొచ్చు. ముందు మ్యాగజైను తీయాలి, తర్వాత స్లైడు పూర్తిగా వెనక్కి లాగి, ఆ గదిలోకి కంటితో చూడాలి, వేలితో తడమాలి, మూతి ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదు. ముందు వెనకలైతే పై తూటా మళ్లీ గదిలోకి ఎక్కి కూర్చుంటుంది. ఈ నాలుగు పనులు రానివాడికి బోరు ఏదైతేనేం, పిడి చెక్కదైతేనేం.

మళ్లీ మన దొర దగ్గరికి. అసెంబ్లీ అనో, లోక్‌సభ అనో, పంచాయతీ అనో ఎన్నికల గంట మోగగానే ఠాణా నుంచి ఫోను వస్తుంది: తుపాకి తెచ్చి అప్పజెప్పండి. స్క్రీనింగ్ కమిటీ మినహాయిస్తే తప్ప తప్పదు. అంటే సర్పంచికి నామినేషన్ వేసి, ఊరందరి పగను నిజంగా సంపాదించుకున్న ఆ నెలలోనే నడుము మళ్లీ ఖాళీ. రసీదు జేబులో పెట్టుకుని ప్రచారం చేయాలి. ఈ అవమానం భరించలేక వెంచరు సారు ఒకసారి ఖాళీ ఒర కట్టుకుని తిరిగాడు.

అప్పజెప్పడం ఈ నేలకు కొత్తేమీ కాదు. వనపర్తి రాజా పెంచిన ఆఫ్రికా సిద్దీల అశ్వదళమే నిజాముకు చేరింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ పేట దాని గుర్తే. ఆ రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. సోమనాద్రి కట్టిన గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ ఉంది. కవులను పిలిచి సన్మానించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న సంస్థానం అది. ఫిరంగులున్న దొరలు పద్యాలకు పేరుపడితే, పద్యం రాని దొర .32కు పేరుపడాలనుకుంటున్నాడు.

కార్తీక సోమవారం శ్రీశైలం బయల్దేరితే ఇంకో ముచ్చట. మన్ననూరు దాటాక దారి అమ్రాబాద్ పులుల అడవిలోంచి. అభయారణ్యంలోకి ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో పోకూడదని 1972 వన్యప్రాణి చట్టం. లైసెన్సు చూపిస్తే పులి ఊరుకుంటుందేమో గానీ అటవీశాఖ ఊరుకోదు.

అదే అడవి అంచున, అచ్చంపేట వైపు, పల్లీ చేను వేసిన రైతు ఉన్నాడు. ఆయనకు నిజంగా శత్రువుంది, రోజూ వస్తుంది, మందగా వస్తుంది, ముట్టెతో సాలు సాలు తవ్వి పోతుంది. చేను చుట్టూ ఇంటి ఆడవాళ్ల పాత చీరలు కట్టాడు. మంచె మీద డబ్బా కొట్టాడు. మైకులో కుక్క అరుపులు రికార్డు చేసి పెట్టాడు. పందులు రెండు రోజులు విని, మూడో రోజు నుంచి ఆ అరుపుల మధ్యే మేశాయి. కరెంటు తీగ పరిచి, తెల్లారి తామే ఆ తీగకు తగిలిన రైతులూ ఉన్నారు. పంట కాపలాకు 1959 చట్టం ఆయన కోసం పేరుపెట్టి చెప్పిన ఆయుధం, మూతిలోంచి మందు దట్టించే తుపాకి. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితేనే ఇంకో రకం. అడవిపందికి ఎదురు నిలిచేవాడికి తాతల కాలపు గొట్టం, బాకీ అడిగే రైతుకు ఎదురు నిలిచేవాడికి ఎనిమిది తూటాల సెమీ ఆటోమేటిక్! ఆ రైతు కూడా ‘క్లాసిక్’ కావాలని అడిగి ఉంటే బాగుండేది. ఆయన కోరిక తీర్చడానికి చట్టం సిద్ధంగానే ఉంది.

ఈమధ్య ఆర్గనైజరు గారికి పిస్తోలు మీద మనసు విరిగిందని విన్నాను. కూర్చుంటే పొట్టలో పొడుస్తోందట. కప్పితే ఎవరికీ కనపడదు, కప్పకపోతే కేసు. ఇప్పుడాయన చూపు గన్‌మన్ల మీద పడింది, టూ ప్లస్ టూ కావాలట. మోసేవాడు వేరే ఉంటాడు, వెనక సీట్లోంచి దిగి ముందుగా తలుపు తీస్తాడు, కప్పుకోవాల్సిన పనే లేదు. మళ్లీ ఆ ఎస్సైయే ఫైలు తెరిచి అడిగాడు.

‘ముప్పు ఏమన్న పెరిగిందా అన్నా?’

‘పెరిగింది సార్. మొన్న ఇంకో ఐదొందల ఎకరాలది జీవోటీ ఫెయిల్ అని చెప్పిన.’