కోడలికి నెల తప్పకుంటే అత్తలు పాటించాల్సిన చిట్కాలు

కోడలు కాపరానికొచ్చి నాలుగేండ్లయినా నెల తప్పలేదా? కంగారు పడొద్దమ్మా. మన తిరుపతి, చిత్తూరు పక్క దీనికి పాత పద్ధతులు చాలానే ఉండాయి.

ముందు కొడుకుని ఆస్పత్రి గడప తొక్కనీయొద్దు. లోపం ఎప్పుడూ కోడలిదే.

భారతం జరిగే ఊళ్లో తపస్సుమాను కింద కోడల్ని తడిబట్టలతో, బిడ్డ కోసం వరపడనీయండి. మంచిదే, ఎవరూ కాదనరు. కానీ అక్కణ్ణించి ఆటో నేరుగా ఇంటికే రావాల. తిరుపతి ప్రసూతి ఆస్పత్రి దిక్కు తిరిగితే ఫలం పోతుంది.

"బయట చేరినప్పుడు రెండు చుక్కలే పడతా ఉండాయత్తా" అంటే, బట్టలుతికే పని తప్పిందిలే అనండి. పొత్తికడుపు నొప్పంటే వాము నీళ్లు. టీబీ ఏమో చూద్దామని డాక్టరమ్మ అంటే మాత్రం నవ్వేయండి. దగ్గు లేదు, జ్వరం లేదు, టీబీ ఏంది? ఊపిరితిత్తుల్లో నుంచి నెత్తుట్లో కలిసి గర్భసంచి పక్క గొట్టాల్లో చేరి, ఏండ్ల తరబడి చప్పుడు లేకుండా కూర్చుంటుందని ఆమె చెప్తుంది. వినొద్దు. కళ్లె పరీక్ష చేయించి, ఏమీ లేదన్న కాగితాన్ని పటం కట్టించుకోండి. గర్భసంచి లోపలి పొర ముక్క తీసి చూడాలంటే చెప్పులేసుకుని వచ్చేయండి.

క్షయ మనకు కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915 నాటిది. నూరేండ్లు దాటినా ఆ జబ్బు పేరు వీధిలో వినబడకూడదు, ఇంట్లో ఆడబిడ్డ పెండ్లికి ఉంది. కాబట్టి ఒకవేళ టీబీ అని తేలి మాత్రలిస్తే, ఆ అట్ట బియ్యం డబ్బాలో అడుగున ఉండాల. మూత్రం నారింజ రంగులో పోతే అది మందు రంగేనని కోడలికి చెప్పొద్దు; భయపడి తానే మానేస్తుంది. ఆరు నెలలు మింగమంటారు గానీ, రెండో నెలకే మొహం తేరుకుంటుంది, చాలు.

ఆ తర్వాత చేను అమ్మి టెస్ట్‌ట్యూబ్ సెంటరుకు తీసుకుపోండి. టీబీ తిన్న పొర మీద పిండం నిలవకపోతే, తిట్టడానికి కోడలు ఎలాగూ ఉంది.

ఇవేవీ మనసుకు రాకపోతే ఒకటే దారి. సర్కారు ఆస్పత్రిలో టీబీ పరీక్షా ఉచితమే, ఆరు నెలల మాత్రలూ ఉచితమే. చికిత్స జరిగినన్నాళ్లూ తిండికని నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. మాత్రలు టీబీని చంపుతాయి. మూసుకుపోయిన గొట్టాల్ని మాత్రం తెరవలేవు.