కూతకెళ్లినోడి పొడిగింపు

2025 మార్చిలో ఒక తెల్లవారుజామున ఫోను మోగింది. న్యూజెర్సీలో ఉన్న మా అక్క కొడుకు. "మామా, ఎక్స్‌టెన్షన్ ఇచ్చేసినారు!" అని ఒకటే అరుపు. హిందూపురంలో ఏ ఇంటికైనా అమెరికా నుంచి ఈ మాట వచ్చిందంటే దానికి ఒకటే అర్థం: హెచ్-1బీ. మా ఆవిడను లేపి, దేవుడికి నూటొక్క టెంకాయ మొక్కేసుకున్నాక వాడు తాపీగా చెప్పాడు. "వీసా కాదు మామా. సేక్వాన్ బార్క్‌లీకి!"

మొక్కు పదకొండు టెంకాయలకు దించి, ఎవడప్పా ఈ బార్క్‌లీ అని అడిగాను.

ఫిలడెల్ఫియా ఈగిల్స్ అని ఒక ఫుట్‌బాల్ జట్టు. పేరుకే ఫుట్‌బాల్, కాలికి పెద్ద పనిలేదు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, ఎదుటి పదకొండు మంది వచ్చి మీద పడతారు. అలా మీద పడేయించుకోవడానికి పెట్టుకున్న మనిషిని రన్నింగ్ బ్యాక్ అంటారట. ఈయన 2024 సీజన్లో 2,005 గజాలు పరిగెత్తాడు. కాగితం మీద లెక్క కట్టి చూశాను, రెండు కిలోమీటర్లు కూడా రాలేదు. పాల ప్యాకెట్టు కోసం నేను రోజూ పొద్దున అంతకంటే ఎక్కువే నడుస్తాను. ఆయనకు మాత్రం ఇంకో రెండేళ్లు పొడిగించి 4 కోట్ల 12 లక్షల డాలర్లు రాసిచ్చారు. మన రూపాయల్లో 350 కోట్ల పైమాటే. అందులో 3 కోట్ల 60 లక్షల డాలర్లు గ్యారంటీ.

"గ్యారంటీ అంటే?"

"కాలు విరిగినా ఇస్తారు మామా."

ఈ ముక్క దగ్గర నాకు నిద్ర పూర్తిగా వదిలింది.

ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దాటితే రన్నింగ్ బ్యాక్ మోకాళ్లను ఎవరూ నమ్మరట. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు వీళ్ల వయసు చూస్తారు. బార్క్‌లీకి సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచిన రోజే 28 నిండాయి. అంతకు ముందు ఏడాదే పాత జట్టు న్యూయార్క్ జెయింట్స్ ఆయన్ని వదిలేసుకుంది.

మనకిది తెలియని ఆటేం కాదు. చెడుగుడే. చంకలో బంతి బదులు నోట్లో కూత, పదకొండు మంది బదులు ఏడుగురు. మన తెలుగు టైటాన్స్ వాళ్లు 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకున్నారు. ప్రొ కబడ్డీలో అంతకు ముందు ఎవరికీ పలకని రేటది. ఆ సీజన్లో 22 మ్యాచ్‌లు ఆడి, రెండు గెలిచి, పట్టికలో అందరి బరువూ తామే మోశారు. మరుసటేడు వేలంలో ఆయన్ని వదలబుద్ధి కాలేదు. ఫైనల్ బిడ్ మ్యాచ్ అని ఒక ఏర్పాటుంది. వేరేవాడు పాడిన ఆఖరి పాటకు పాత జట్టు చెయ్యెత్తి "అదే రేటుకు మాకే" అనొచ్చు. అలా 1 కోటీ 72 లక్షల 50 వేలకు మళ్లీ ఉంచుకున్నారు. 2025లో వదిలేశారు. తమిళ్ తలైవాస్ 59 లక్షల 50 వేలకు తీసుకుంది. మా హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో రేటు పడిందని రైతులు నెత్తిన చెయ్యి పెట్టుకుంటారు గానీ, ఒక మనిషి రేటు రెండేళ్లలో ఇంత పడటం నేను చూడలేదు. ఆయన్ని వదిలేసిన ఏడాదే టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు పోయారు. దీన్నిబట్టి ఆయన తప్పంటారా? ఏడుగురు ఆడే ఆటలో ఖజానా అంతా ఒక్కడి మోకాలి మీద పెట్టినవాళ్లకు ఎవరూ రేటు కట్టరు, అదీ కథ.

పొడిగింపు అనే విద్యలో మా ఊరిని మించింది లేదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1983 నుంచి ఎన్ని ఎన్నికలొచ్చినా ఒకటే పార్టీకి కాంట్రాక్టు పొడిగిస్తూనే ఉన్నాం. పెద్దాయన ఎన్టీఆర్‌కు మూడుసార్లు, కొడుకు బాలకృష్ణకు 2014 నుంచి వరసగా మూడుసార్లు. ఈ ఒప్పందంలో గ్యారంటీ అంతా మావైపే. 2022లో కొత్త జిల్లా కట్టినప్పుడు జిల్లా కేంద్రం పుట్టపర్తికి పోయింది.

పెనుకొండది ఇంకా పాత అనుభవం. 1565లో రాక్షసి తంగడి దగ్గర ఓడిపోయాక విజయనగరం మూటాముల్లె సర్దుకుని వచ్చి ఎక్స్‌టెన్షన్ తీసుకున్నది ఆ కొండ కిందే. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల బస్సులు తిరుగుతున్నాయి. మా వీధి కుర్రాడొకడు అక్కడే ఒక కంపెనీలో, ఏజెన్సీ కింద. ఆరు నెలలకోసారి పొడిగిస్తారు. మధ్యలో రెండు రోజులు "బ్రేకు". ఎందుకురా అంటే, పర్మనెంటు అనే జబ్బు అంటకుండా అట. అమెరికాలో దీన్ని ఆఫ్ సీజన్ అంటారని, ఆ రెండు రోజులూ జిమ్ముకు పోవాలని చెప్పాను. వాడు నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

పోయిన నెల ధర్మవరం పోయాను, ఇంట్లో పెళ్లికి చీరలు చూద్దామని. తెలిసిన నేతగాడి ఇల్లు. గుంతలో కాళ్లు, కళ్లు జరీ మీద, కుడిచెయ్యి తాడు లాగితే నాడె ఇటునుంచి అటు. మోకాలికి పాత చీర పేలిక గట్టిగా చుట్టుకుని ఉన్నాడు. పక్కన భార్య కండెలు చుడుతోంది. షావుకారి దగ్గర లక్షా ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు, కూతురి పెళ్లికి. అది తీరేదాకా ఇంకో షావుకారికి నేయకూడదు. ఇంకొకాయనకు ఈ చెయ్యి నచ్చితే, పాత షావుకారి బాకీ కట్టేసి మగ్గాన్ని తనవైపు తిప్పుకుంటాడు. బాకీ అట్నే ఉంటుంది, షావుకారే మారతాడు. అంటే ట్రాన్స్‌ఫర్ మార్కెట్టే, టీవీలో చూపించరు అంతే.

ఊరకే ఉండలేక బార్క్‌లీ కథంతా చెప్పాను. 2,005 గజాలు అనగానే "ఎన్ని చీరలొస్తాయో" అని నవ్వాడు. చీర అయిదున్నర మీటర్లు, అంటే ఆరు గజాలు. లెక్కేస్తే మూడు వందల ముప్పై చిల్లర. నాడె ఆపి కాసేపు ఆలోచించాడు.

"అన్నా, ఆయప్ప ఒక జట్టు ఇడిసి ఇంకో జట్టుకు పోయినాడు అంటాండావు గదా. పాత జట్టోళ్ల బాకీ ఎవురు కట్టినారు?"

"బాకీ ఏమీ లేదప్పా. ఒప్పందం అయిపోయింది, లేచి పోయినాడు. కొత్తోళ్లే ఎదురు డబ్బిచ్చినారు. కాలు విరిగినా ఇస్తారంట."

భార్య చేతిలో కండె ఆగింది. ఆయన గుంతలోంచి కొంచెం పైకి లేచి, వీధి వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ మాట ఈడ గెట్టిగా అనొద్దన్నా. గోడవతల షావుకారు ఉండాడు."