నాలుగు గడుల పద్యానికి కుకునూరుపల్లి టీక

అవతారిక

రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ దాటి సిద్దిపేట వైపు పోతుంటే వచ్చే కుకునూరుపల్లి 2022 దాకా కొండపాక మండలంలో ఒక ఊరు. ఆ ఏడు మండల కేంద్రమైంది. మండలం అన్నాక ఆఫీసులు, ఆఫీసులన్నాక ప్రకటనలు, ప్రకటనలన్నాక ఫొటోలు, ఫొటోలన్నాక వాటిని వెబ్‌సైట్‌లోకి ఎక్కించే ఒక పిల్లగాడు. అలా వర్డ్‌ప్రెస్‌లో ఫొటో పెట్టబోయిన పిల్లగాడికి తెర కుడిపక్కన ఒక పద్యం ఎదురైంది. “సార్, గీ నాలుగు డబ్బాలల్ల ఏం రాయాలె?” అన్న అతని ప్రశ్నే ఈ వ్యాఖ్యానానికి కారణం.

పాత మెదక్ జిల్లా గడ్డమీద ఉండి టీక రాయడానికి జంకితే పరువు దక్కదు. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథసూరిది ఈ జిల్లాలోని కొలిచెలమే, ఇప్పటి కొల్చారం. మూలంలో లేనిది రాయకూడదనీ, అక్కర్లేనిది పలకకూడదనీ ఆయన నియమం పెట్టుకున్నాడు. బొమ్మకు మాట రాసేవాడికి ఇంతకన్నా మంచి నియమం ఈనాటికీ ఎవరూ చెప్పలేదని ఈ టీకాకారుడి అభిప్రాయం.

మూలము

ఆల్టర్నేటివ్ టెక్స్ట్ ।
టైటిల్ ।
క్యాప్షన్ ।
డిస్క్రిప్షన్ ॥

నాలుగు పాదాలు. గణాలు కుదరవు, యతి లేదు. పూర్వపు ప్రతుల్లో ఇప్పటి మొదటి పాదం మూడోది. ఎవరో పుణ్యాత్ములు పైకి జరిపారు.

ప్రతిపదార్థము

టైటిల్ = ఫొటోల గదిలో ఆ ఫొటోకు పేరు; ఫైలు పేరును బట్టి తనంతట తానే నిండుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే ఐఎంజీ అని, తర్వాత తేదీ, తర్వాత డబ్ల్యూఏ, ఆపైన నాలుగంకెలు. ఆ అంకెల్లో బతుకమ్మ ఉందో, బోరు మోటారు ఉందో దేవుడికే ఎరుక.

క్యాప్షన్ = ఫొటో కింద అందరికీ కనబడే వాక్యం. దీనికి టీక అక్కర్లేదు. పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు.

ఆల్టర్నేటివ్ టెక్స్ట్ = పేజీలో కంటికి కనబడకుండా కోడులో ఒదిగి ఉండి, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గొంతులో వినబడే మాట. చూపు లేనివారికి ఫొటో అంటే ఇదే. ఈ గడి నిన్నా మొన్నా పుట్టింది కాదు: 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4 లోనే ప్రతి బొమ్మకూ ఇది తప్పనిసరి అన్నారు.

డిస్క్రిప్షన్ = ఇక్కడే పండితులు కూడా బోర్లా పడతారు. డిస్క్రిప్షన్ అంటే వర్ణన కదా, బొమ్మను వర్ణించమన్నారు కదా అని ఓపిక ఉన్న మనిషి నాలుగు వాక్యాలు పొందిగ్గా ఇందులో రాస్తాడు. అవి ఎక్కడికి పోతాయి? ఆ ఫొటో ఒక్కదానికే విడిగా ఉండే అటాచ్‌మెంట్ పేజీలోకి. 2023లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.4 వెర్షన్ నుంచి కొత్త సైట్లలో ఆ పేజీలు మొదటినుంచే మూసి ఉంటున్నాయి. అంటే శ్రద్ధగా రాసిన వర్ణన చూడగలవాడికీ కనబడదు, చూడలేనివాడికీ వినబడదు. శ్రద్ధ లేనివాడికి నష్టమేమీ లేదు, అతను ఎలాగూ రాయడు. దెబ్బ తినేది మంచి మనసుతో రాసినవాడు. దీన్ని అలంకారశాస్త్రంలో ఏ దోషంగా లెక్కించాలో తెలియదు గానీ, తప్పు మాత్రం చదువరిది కాదు, పేరు పెట్టినవాడిది.

అలంకారము

ఇక్కడ శ్లేష ఉంది. మొదటి గడిని, అంటే ఆల్టర్నేటివ్ టెక్స్ట్‌ను, ఖాళీగా వదిలితే రెండర్థాలు వస్తాయి. పేజీ అంచున వేసిన పూలతీగ కేవలం సింగారం. దాన్ని ఖాళీగా వదలడమే న్యాయం, స్క్రీన్ రీడర్ దాన్ని దాటేసి ముందుకు పోతుంది. బద్ధకించి వదిలినా గడి అలాగే ఖాళీగా ఉంటుంది. వర్డ్‌ప్రెస్ రెంటినీ ఒకేలా పంపుతుంది. వినేవారికి ఆ ఫొటో అసలు లేనట్టే. కేవలం సింగారమైతే ఖాళీగా వదలండి అని గడి కింద సన్నటి అక్షరాల్లో రాసి ఉన్న మాట నిజమే. సన్నటి అక్షరాలు చదివే అలవాటు మనకు బ్యాంకు కాగితాల దగ్గరే లేదు.

శంక

“మా మండలం పేజీ కండ్లు కనబడనోళ్లు సూస్తరా సార్?”

సమాధానము

చూడరు, వింటారు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది, కొనక్కర్లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ 2006 నుంచి ఉచితమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందాలంటుంది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. అంచేత ఈ శంక ఇక్కడితో కొట్టివేయడమైనది.

ఉదాహరణములు

కొమురవెల్లి మల్లన్న జాతర ఫొటో ఉందనుకోండి. “ఫొటో” అని రాస్తే పునరుక్తి, అది బొమ్మ అని స్క్రీన్ రీడర్ తనే చెబుతుంది. “జాతర వైభవం” అని రాస్తే కవిత్వం; వైభవం ఎలా ఉందో వినేవారికి తెలియదు. “గుడి ముందు నేలమీద రంగుల పొడులతో ఒగ్గు పూజారులు వేస్తున్న పెద్దపట్నం; చుట్టూ కూర్చున్న జనం” అంటే బొమ్మ కట్టింది. పూజారుల భక్తి, జనం తన్మయత్వం ఫొటోలో పడవు కాబట్టి వాక్యంలోనూ వద్దు. ఇక్కడ మల్లినాథుడి నియమం అక్షరాలా పనికొచ్చింది.

రెండోది మరీ ముఖ్యం. కరెంటు కోత, పింఛను క్యాంపు, గ్రామసభ—మన దగ్గర ప్రకటన అంటే అక్షరాలన్నీ ఫొటోలోనే ఉండే ఒక పోస్టరు. దాని గడిలో “ముఖ్య గమనిక” అని రాసి చేతులు దులుపుకుంటే, గమనిక ఉందన్న సంగతి తెలుస్తుంది, ఏ రోజో తెలియదు. తేదీ, వేళ, స్థలం, తీసుకురావలసిన కాగితాలు మొత్తం గడిలోకి దిగాలి. కాదంటే ఆ సంగతులే ఫొటో కింద మామూలు అక్షరాల్లో టైపు చేయాలి. అది ఇంకా మేలు, ఫోనులో వేలితో సాగదీసి చదివే తాతకు కూడా.

పాఠాంతరము

మైక్రోసాఫ్ట్ వర్డ్ పాత ప్రతుల్లో ఇదే చోట టైటిల్, డిస్క్రిప్షన్ అని రెండు గడులు ఉండేవి. దేనిలో ఏది రాయాలో ఎవరికీ తెలిసేది కాదు. తర్వాత రెండూ తీసి ఒక్క గడి ఉంచారు. దాని పైన పేరుకు బదులు ప్రశ్న: దీన్ని చూపు లేని మనిషికి మీరు ఎలా చెబుతారు? పక్కనే, ఇది ఉత్త సింగారం అని టిక్కు పెట్టే చోటు. ఆ టిక్కుతో శ్లేష విడిపోయింది: వదిలేసినవాడెవడో, ఆలోచించి వదిలినవాడెవడో తేలిపోయింది. రచనా సాధనాలు రాసేవాడికి ఇలా తోడుండాలని వెబ్ ప్రమాణాలు చేసే డబ్ల్యూ3సీ 2015లో ఏటీఏజీ 2.0 అనే స్మృతిలో చెప్పింది. స్మృతులను అందరూ గౌరవిస్తారు, కొందరే చదువుతారు.

సవరించిన మూలము

పిల్లగాడి కోసం టీకాకారుడు పద్యాన్ని ఇలా దిద్దాడు. మొదటి పాదం: చూడలేనివారికి ఈ ఫొటోలో ఏముందో చెప్పండి. రెండు: మీరు వెతుక్కోవడానికి పేరు. మూడు: ఫొటో కింద అందరికీ కనబడే వాక్యం. నాలుగోది ప్రక్షిప్తమని తీసేశాడు. ఇది చూసి పిల్లగాడు, “గిట్ల రాసుంటే నేను అడుగుదునా?” అన్నాడు.

ఉత్తరభాగము

ఈ నాలుగు గడుల కింద ఇంకొకటి ఉంది: ఫైల్ యూఆర్ఎల్. దాని కింద మీట మీద దాన్ని కాపీ చేయండి అని రాసి ఉంది. నొక్కితే కాపీ అవుతుంది. దీనికి టీక లేదు.