తలకాయ నీడ

ఇంటి వర్క్‌షాపులో పైలైట్లు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు మొదటి అడ్డంకి ఫ్యాను. తెలుగు ఇళ్లలో ఏ గదికైనా సీలింగు నడిబొడ్డు ఫ్యాను సొంతం. స్లాబు పోసేనాడే అక్కడ కొక్కెం పడిపోతుంది. లైటుకు మిగిలేది గోడ. ఎలక్ట్రీషియన్ మర్యాదస్తుడు కాబట్టి ‘‘ఎక్కడ పెట్టమంటారు సార్?’’ అని అడుగుతాడు. అప్పటికే గోడలో పైపు వేసేసి ఉంటాడు, అది వేరే సంగతి.

పడకగదికి ఈ ఏర్పాటు చాలు. మెట్ల కింద గదో, కారు షెడ్డో, మేడమీది గదో వర్క్‌షాపుగా అవతారమెత్తినప్పుడే తంటా మొదలవుతుంది. లైటు ఒక గోడకు, పనిబల్ల ఎదుటి గోడవార ఉంటే, బల్ల మీదికి వంగిన మనిషి తన తలకాయ నీడలోనే స్క్రూ వెతుక్కోవాలి. పక్కకు జరిగితే నీడా జరుగుతుంది. దీపం కింద చీకటి అన్నారు పెద్దలు. కరెంటు వచ్చాక ఆ చీకటి ముక్కు కిందికి చేరింది.

ముందు వెలుతురు ఎంత కావాలో చూడాలి. బల్ల మీద సాధారణ మరమ్మతులకు 300 నుంచి 500 లక్స్ ఉండాలి. చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. పది అడుగులకు పన్నెండు అడుగుల గది దాదాపు 11 చదరపు మీటర్లు. 500 లక్స్ కావాలంటే 5,500 ల్యూమెన్లు. గోడలు మింగేది, దుమ్ము మింగేది కలుపుకుంటే 9,000 దాకా చూసుకోవాలి. నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ సుమారు 2,000 ల్యూమెన్లిస్తుంది. అంటే నాలుగైదు కావాలి. ఈ లెక్క ఇంట్లో చెబితే ‘‘పెళ్లి పందిరా?’’ అన్న ప్రశ్న తప్పదు. దానికి జవాబు వయసులో ఉంది. వర్క్‌షాపు సరదా చాలామందికి రిటైరయ్యాకే పుడుతుంది. అరవై ఏళ్ల కంటి లోపలి తెరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్లనాటి దానిలో మూడో వంతు మాత్రమే. గోడలకు తెల్ల సున్నం వేయిస్తే ఒక బ్యాటెన్ మిగలవచ్చు. పూత లేని సిమెంటు గోడ వెలుతురును తీసుకోవడమే గానీ తిరిగివ్వడం పెద్దగా ఎరగదు.

ఇక అసలు విషయం, స్థానం. పుస్తకాల సూత్రం తేలిక: రెండు వరుసల మధ్య ఎంత ఎడం ఉంటే, గోడకూ వరుసకూ మధ్య అందులో సగం ఉంచాలి. పదడుగుల వెడల్పు గదిలో వరుసల మధ్య అయిదడుగులు, గోడల నుంచి రెండున్నర అడుగులు. గదంతా సమంగా వెలుగుతుంది. ఖాళీ గది అయితే. గోడవార రెండడుగుల వెడల్పు బల్ల వేయగానే ఆ రెండున్నర అడుగుల గీత సరిగ్గా పనివాడి నడినెత్తి మీదికి వస్తుంది. కాబట్టి బల్లవైపు వరుసను గోడకు అడుగున్నర దూరానికి లాగాలి, అంటే బల్ల ముందంచుకు కాస్త లోపలికి. అప్పుడు వెలుతురు తలకు ముందునుంచి పడుతుంది. బ్యాటెన్‌ను బల్ల పొడవునా పెట్టాలి. పొడవాటి లైటు నీడను పల్చబరుస్తుంది, గుండ్రటి బల్బు కత్తిరించినట్టు చూపిస్తుంది. కుడిచేతివాటం వాళ్లకు ఎడమపక్క కొంచెం ఎక్కువ వెలుగు ఉంటే ఉలిమీద చేతినీడ పడదు.

కారు షెడ్డులో నడుమ లైటు మరీ దండగ. బానెట్ ఎత్తగానే అది గొడుగై ఇంజిన్‌ను చీకట్లో పడేస్తుంది. లైటు మాత్రం కారు పైకప్పును మహా అందంగా చూపిస్తూ ఉంటుంది. కారుకు రెండు పక్కలా చెరొక వరుస, ముందు గోడకు ఒకటి ఉండాలి.

ఫ్యానును వదిలేస్తే ఊరుకోదు. 48 అంగుళాల ఫ్యాను రెక్కల పైన లైటు ఉంటే గదంతా నీడలు గిర్రున తిరుగుతాయి. లైటు ఆ చక్రానికి బయటైనా ఉండాలి, రెక్కల కంటే కిందనైనా ఉండాలి. ఇది చికాకుతో పోతుంది, తర్వాతది పోదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి పాత చోక్ ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. ఆ వెలుగులో తిరుగుతున్న రంపపు చక్రం ఆగినట్టో, నెమ్మదిగా వెనక్కి నడుస్తున్నట్టో కనిపించవచ్చు. ఫ్యాక్టరీల్లో పక్కపక్క ట్యూబులను వేర్వేరు ఫేజులకు కలిపి ఈ భ్రమను తప్పించేవారు. సింగిల్ ఫేజు ఇంటికి ఆ భాగ్యం లేదు గనుక మంచి డ్రైవరున్న ఎల్‌ఈడీ కొనాలి. చవక ఎల్‌ఈడీలు కూడా మినుకుతాయి. ఫోన్ స్లోమోషన్‌లో వీడియో తీస్తే గుట్టు బయటపడుతుంది. దుకాణంలోనే తీయడం మేలు.

రంగు విషయం క్లుప్తం: 4,000 కెల్విన్ హాయి, 6,500 నీలిగా ఉంటుంది, పసుపు బల్బు కింద పెయింటు రంగు ఎంచుకోకూడదు.

స్విచ్చులు రెండు వరుసలకూ విడివిడిగా ఉండాలి. ఇవన్నీ స్లాబు పోయకముందే, బల్ల చోటు నేలమీద సుద్దముక్కతో గీసి తేల్చుకోవాలి. తేల్చుకోని వాళ్లకు దిక్కు సీలింగు మీద తెల్ల కేసింగు పట్టీ. చూపుకు బాగోదు గానీ పని చేస్తుంది.