గట్టుకు ఏటివైపు

గోదావరికి వరదొచ్చిన ప్రతిసారీ పేపర్లలో ఒక చల్లని కబురు అచ్చవుతుంది. ఏటిగట్లు పటిష్ఠంగా ఉన్నాయి, ఎవరూ ఆందోళన పడనక్కర్లేదు అని. సంతోషం. కాకపోతే గట్టుకు రెండు పక్కలుంటాయి. కోనసీమలో ఆ రెండో పక్కన, అంటే ఏటివైపున, కొబ్బరిచెట్లు, అరటితోటలు, బడి, గుడి, రేషన్ కార్డులు, ఓటరు జాబితాతో సహా మనుషులు కాపురముంటున్నారు. ఇంజినీరుగారి లెక్కలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఉన్నదంతా నదే. తహసీల్దారుగారి లెక్కలో అందులో గ్రామాలున్నాయి. ఇద్దరూ ఎప్పుడూ కలిసి కూర్చున్న పాపాన పోలేదు కాబట్టి ఈ ఏటి మధ్య ఊళ్లవాళ్లు, అంటే లంకవాళ్లు, కొన్నాళ్లు గ్రామంలోనూ కొన్నాళ్లు నదిలోనూ ఉంటారు. ఇల్లు మాత్రం మారరు.

ఒక లంక రైతుని గట్టు ఎలా ఉందని అడిగాను. "ఆయ్, గట్టుకేమండి, బ్రహ్మాండంగా ఉందండి. ఎనభై ఆరు వరద తర్వాత ఎత్తు కూడా పెంచారండి. అది పెరిగే కొద్దీ మా వైపు నీళ్లు బాగా నిలబడతన్నాయండి" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నాడో పొగుడుతున్నాడో గోదారోళ్ల మాటల్లో చటుక్కున తేలదు.

ధవళేశ్వరం దాటగానే గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య మేటవేసిన ఒండ్రు మీద వెలిసిన ఊళ్లివి. పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక అని నాలుగున్నాయి. పేపరు చదివే అలవాటున్నవాళ్లు కూడా ఈ పేర్లు జూలైలో తప్ప చదివి ఉండరు. బూరుగులంక రేవులో వేసిన తాత్కాలిక గట్టు ఎర్రనీరు తగలగానే తెగుతూ వచ్చింది. నీరు తీశాక మళ్లీ మట్టి పోస్తూ వచ్చారు. గోదారి సీమలో తాత్కాలికమన్న పని ఇంత శాశ్వతంగా సాగడం నేను మరెక్కడా చూడలేదు.

మన ప్రభుత్వాలు హెచ్చరికల విషయంలో లోటు చెయ్యవు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. పైన భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. మనకివి టీవీలో కింద పరిగెత్తే అంకెలు. లంక ఇల్లాలికి ఇంటిపనుల పట్టిక. నలభైమూడంటే బియ్యం, పప్పులు, పిల్లల పుస్తకాలు అటకెక్కాలి. నలభైయెనిమిదంటే గొడ్లు గట్టెక్కాలి. యాభైమూడంటే మొగుడు ఎక్కాలి, అంటే పడవ. తానుమాత్రం ఆఖరున, గ్యాస్ బండతో పాటు. 2022 జూలైలో భద్రాచలంలో 71.3 అడుగులొచ్చింది. అప్పుడు కూడా అరుగు మీది పెద్దాయనలు, 1986లో వచ్చిన 75.6తో పోల్చి, "ఆ ఊపు లేదులే" అని పెదవి విరిచి ఉంటారు. పాత సినిమా ముందు కొత్త సినిమా ఎప్పుడూ ఆనదు.

వరద రోజుల్లో వార్త ఇలా ఉంటుంది: బ్యారేజీ 175 గేట్లూ ఎత్తి ఇన్ని లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదిలారు. చదవడానికి ఎంత హాయిగా ఉంటుందో. ధవళేశ్వరంలో తాళం తీస్తే నీరు సరాసరి బంగాళాఖాతంలో తేలుతుందన్న మాట. దారిలో వంటింట్లోంచి వెళ్తుందని ఎవరూ రాయరు.

మిగతా రోజుల్లో మాత్రం సుఖమా అంటే, రేవుంది. రేవుకు వేలంపాట ఉంది. పాట పాడుకున్నవాడి దయ, సరంగు ఓపిక కలిస్తే అవతలికి చేరతాం. మోటారు సైకిలు ఎక్కించడం ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. ఒడ్డు నుంచి పడవ అంచుకి జానెడు వెడల్పు చెక్క వేస్తారు. ఒకడు హ్యాండిలు పట్టుకుంటాడు, ఇంకొకడు వెనక నుంచి నెడతాడు, సంచి చంకలో పెట్టుకున్న టీచరమ్మ "నెమ్మది బాబూ" అంటూ కాళ్లు పక్కకు తీసుకుంటుంది. ఇంజను ఆయిలు, చేపల బుట్ట, అరటి గెలలు, ఒక మేక. ఇదంతా అయ్యాక ఆఫీసులో బయోమెట్రిక్ యంత్రం ఆలస్యమైందని ఎర్రలైటు వెలిగిస్తుంది. నెలలు నిండిన ఆడపిల్లని ముందుగానే గట్టవతలి చుట్టాలింటికి పంపేస్తారు. పెళ్లిసంబంధాల్లో కట్నం కంటే ముందు రోడ్డు సంగతి వస్తుంది. జాతకాలు కలిసి రేవు కలవక తప్పిపోయిన సంబంధాలున్నాయి.

లంకకు వంతెన అనగానే మనలాంటి కాలమిస్టులకు రామాయణం గుర్తొస్తుంది. వానరులు 5 రోజుల్లో 100 యోజనాలు కట్టారు, మనవాళ్లు ఇన్నేళ్లయినా కట్టలేదు అని. ఈ జోకు విని విని లంకవాళ్ల చెవులు తూట్లు పడ్డాయి. పైగా ఆ వంతెన లంకవాళ్ల సౌకర్యం కోసం కట్టింది కాదు. అవతలి నుంచి దండు దిగడానికి కట్టింది. ఆ లెక్కన మన నాయకులు వాల్మీకినే అనుసరిస్తున్నారు. వాళ్ల దండు పడవల్లో, హెలికాప్టర్లలో ఎలాగూ దిగగలుగుతోంది కాబట్టి వంతెన అవసరం వాళ్లకు కనిపించడం లేదు.

ఒక్కచోట మాత్రం నవ్వు రాదు. 2018 జూలై 14న, ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇంటికొస్తున్న పిల్లల పడవ గౌతమిలో బోల్తాపడింది. అది గుద్దుకున్నది బండరాయిని కాదు. కడుతూ కడుతూ ఉన్న వంతెన స్తంభాన్ని.

ఇక భూమి సంగతి. నది ఒకవైపు కోసి ఇంకోవైపు మేటవేస్తుంది. కోత పడిన రైతు పొలం నిరుడు కొబ్బరితోట, ఈ ఏడు గోదావరి. పాసుపుస్తకంలో మాత్రం ఎకరం ఎకరంగానే, చెక్కుచెదరకుండా ఉంటుంది. నది కోయలేనిది అదొక్కటే. మిగిలిన పంట పోతే నష్టపరిహారం ఉంది, 33 శాతమో ఆపైనో పోయి ఉండాలి. 32 శాతం పోయినవాడు ఇంకొంచెం శ్రద్ధగా మునిగి ఉండాల్సింది.

నీరు తీసే ముందు పరామర్శలు మొదలవుతాయి. పడవ ముందు వరసలో నాయకుడు, పక్కన అధికారులు, వెనక కెమెరాలు, అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు. పడవ నడిపేవాడికి మాత్రం బనీను. మోకాలి లోతు చూసి ఒకచోట దిగుతారు. లోతెక్కువైతే ఫోటోలో ప్యాంటు కనపడదు, తక్కువైతే వరద కనపడదు. పాతికేళ్లుగా అదే రేవులో పడవ వేస్తున్న సరంగుకి ఆ లోతు ఎక్కడుంటుందో పార్టీలతో నిమిత్తం లేకుండా తెలుసు, అడగకుండానే అక్కడికి తీసుకెళ్లి ఆపుతాడు. దిగినవాళ్లు తిరిగి ఎక్కుతారు, గట్టు చేరగానే జాకెట్లు విప్పి కార్ల డిక్కీల్లో పడేస్తారు. మర్నాడు బడిపిల్లలకు జాకెట్లేవని టీచరమ్మ అడిగితే, పంపిణీ అయినట్టు ఫోటో ఉంది కదమ్మా అన్నారట.