నందికొట్కూరుకు నాలుగు డాక్టరేట్లు

పురావస్తువుల పరిరక్షణలో పీహెచ్‌డీ చేస్తానని మా నందికొట్కూరు పిల్లవాడు ఎవడైనా దారి అడిగితే, ముందు వాడి చేతిలో రైల్వే టైంటేబుల్ పెట్టాలి. జాతీయ పరిశోధనాలయం లక్నోలో ఉంది, 1976 నుంచి. దాని శాఖ మైసూరులో. డిగ్రీలిచ్చే సంస్థ నోయిడాలో. పురావస్తు సర్వే వారి రసాయన శాస్త్రజ్ఞులు డెహ్రాడూన్‌లో. టైంటేబుల్‌తో ఉన్న చిక్కల్లా ఒక్కటే: నందికొట్కూరులో రైల్వే స్టేషన్ లేదు.

కాబట్టి ఒక ప్రతిపాదన. పిల్లవాణ్ణి అంత దూరం తోలడం ఎందుకు? డాక్టరేట్లనే ఇక్కడికి తెప్పిద్దాం. అర్హులకు మా దగ్గర కరువు లేదు. వస్తువు ఎట్లా నిలుస్తుందో కనుక్కోవడం శాస్త్రమైతే, ఎట్లా పోతుందో కనుక్కోవడమూ శాస్త్రమే కదా. ఆ రెండో పని ఈ చుట్టుపక్కల గైడ్ లేకుండా, ఫెలోషిప్ లేకుండా, రాత్రింబవళ్లు సాగుతోంది. నాలుగు శాఖల్లో నాలుగు పట్టాలు ఇచ్చి తీరాలి.

మొదటిది ఎనామిల్ శాఖ. తిరునాళ్లు దగ్గరపడితే పాత గుడికి రంగు పడుతుంది. రాతిలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. నేలలో తేమ వాటిగుండా పైకెక్కి గాలికి ఆరిపోతుంది. పైన ఆయిల్ పెయింట్ పూస్తే ఆ తేమకు దారి మూసుకుపోతుంది. తేమతో వచ్చిన లవణాలు పూత వెనకే గడ్డకట్టి రాతి పైపొరను పొట్టులా ఊడగొడతాయి. ద్వారపాలకుడి ముక్కు అట్లా రాలుతుంది. ఇదంతా అర్థం కావాలంటే రసాయన శాస్త్రం చదవాలి. ముక్కు రాల్చడానికైతే ఒక డబ్బా చాలు. ఆపైన సిమెంటుతో కొత్త ముక్కు పెట్టి, దానికి జీర్ణోద్ధరణ అని పేరు పెడతారు. ఏ రాజో చెరువు కింద పొలం ఇచ్చినట్టు చెక్కించిన శాసనం సున్నం పొరల కింద ఎవరికీ కనబడదు. ఫ్యాను ఇచ్చిన దాత పేరు మాత్రం మూడు రెక్కలమీదా ఉంటుంది.

రెండోది గుప్తనిధుల శాఖ. ఇక్కడ క్షేత్ర పరిశోధన అర్ధరాత్రి జరుగుతుంది. పరికరాలు గడ్డపార, నిమ్మకాయలు, మెటల్ డిటెక్టర్. సిద్ధాంతం: నంది పొట్టలో వజ్రాలుంటాయి. ప్రయోగం: నందిని పగలగొట్టడం. ఫలితం: రాయిలోపల రాయి. ప్రయోగం తప్పితే మామూలు శాస్త్రజ్ఞులు సిద్ధాంతాన్ని మారుస్తారు. వీళ్లు నందిని మారుస్తారు.

ఈ శాఖకు పరువు లేదనుకునేవాళ్లు 2017 డిసెంబరును గుర్తు చేసుకోవాలి. తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందని అధికారుల పర్యవేక్షణలోనే తవ్వించారు. ఎముకలు వచ్చాయి, ఇటుకలు వచ్చాయి, బంగారం రాలేదు. పురావస్తు తవ్వకంలో పొర పొరకూ కొలత తీసి, ఏ ఎముక ఏ లోతులో దొరికిందో రాసుకుంటారు. అక్కడ ఆ ఎముకే నిధి. నిధి తవ్వకంలో అదే ఎముక తట్టకెత్తి పారబోసే చెత్త. సర్కారే పరిశోధకుడి అవతారమెత్తితే ఇక వైవా పెట్టేదెవరు?

మూడోది బూడిద శాఖ. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద సముద్రం దాటి వచ్చి మన బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో పడింది. జ్వాలాపురంలో ఆ బూడిద పొరకు కిందా, పైనా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. అంత ఉత్పాతంలోనూ ఇక్కడి మనిషి బతికి బట్టకట్టి ఉంటాడని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం 2007లో ‘సైన్స్’ పత్రికలో వాదించింది. ఆ వాదనమీద ప్రపంచమంతా తర్జనభర్జన పడుతుంటే, మనవాళ్లు ఆ బూడిదకు అసలైన ప్రయోజనం కనిపెట్టారు: గిన్నెలు తోమే పొడి. తవ్వి అమ్మారు. అగ్నిపర్వతాన్ని తట్టుకున్న మనిషి ఆనవాలు అంట్ల గిన్నెను తట్టుకోలేకపోయింది. తవ్విన కూలీని అనడానికి నోరు రాదు. బూడిద ఎత్తితే కూలి వస్తుంది, కాపలా కాస్తే రాదు. కాపలాకు కూలి కట్టని పెద్దలకే ఈ పట్టా చెందాలి.

నాలుగోది ముంపు శాఖ, అన్నిటికన్నా పెద్ద ప్రయోగశాల. శ్రీశైలం జలాశయం నిండే ముందు కొంత మంచి పని జరిగింది, కాదనను. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురానికి తరలించారు. రూపాల సంగమేశ్వరాన్ని కర్నూలు జగన్నాథగట్టు మీదికి చేర్చారు. వీరాపురంలో తవ్వి మహారథులనే ప్రాచీన పాలకుల నాణేలు బయటికి తీశారు. కానీ కొత్తపల్లి మండలంలోని సప్తనదీ సంగమేశ్వరుడు నదిలోనే ఉండిపోయాడు. 1981లో మునిగిన ఆ గుడి ఇప్పుడు నీళ్లు తగ్గితే తేలుతుంది, వరదొస్తే మునుగుతుంది. లోపలున్నది ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పుకునే వేపచెక్క లింగం.

నీళ్లు పీల్చిన చెక్క ఆరితే ముడుచుకుని బీటలు వారుతుంది. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా ఓడను 1961లో పైకి తీసినప్పుడు, అట్లా కాకూడదని 17 ఏళ్లపాటు దానిమీద పాలిఇథిలిన్ గ్లైకాల్ చల్లారు. మనం పూలు చల్లుతున్నాం. పూలు చల్లడం పూజారి పని. ఆయన నీళ్లు గుడిమెట్లు ఎక్కేదాకా తన పని మానడు. మానింది మనం. ఒక్కో మునకకు ఎంత చెక్క పోతోంది, ఎంత సున్నపు గార కరుగుతోంది, ఏ రాయి ముందు కదులుతుంది అని కొలిచి చూస్తే అదే నిఖార్సయిన పీహెచ్‌డీ. నమూనా ఉంది, నది ఉంది, ఏటేటా ప్రయోగం దానంతటదే జరిగిపోతోంది. రాసుకునే మనిషే లేడు.

ఎందుకు లేడంటే పరీక్ష లేక కాదు. యూజీసీ నెట్‌లో మ్యూజియాలజీ, కన్సర్వేషన్ అనే సబ్జెక్టు ఉంది, నంబరు 66. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఇంటిదగ్గర లేనివి గైడు, గది. 1930లో మద్రాసు మ్యూజియంలో కంచు విగ్రహాల తుప్పు వదిలించడానికి లాబొరేటరీ పెట్టినప్పుడు ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1953లో విడిపోయి కర్నూలును రాజధాని చేసుకున్నాం. మద్రాసు నగరం కావాలని కొట్లాడాం గానీ, ఆ లాబొరేటరీ లాంటిది ఇంకొకటి కావాలని ఎవరైనా గొంతు చించుకున్నట్టు వినలేదు. మూడేళ్లకు రాజధాని హైదరాబాదు వెళ్లిపోయింది. తుప్పు ఇక్కడే ఉంది.

శ్రీశైలంలో తెలుగు విశ్వవిద్యాలయం వారి చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రాల పీఠం ఉంది. మునిగిన ఊళ్ల నీళ్లకు అంత దగ్గరగా పురావస్తు శాస్త్రం చెప్పే చోటు దొరకడమే అదృష్టం. 2014 విభజన చట్టం ఆ విశ్వవిద్యాలయాన్ని పదో షెడ్యూలులో చేర్చింది. ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడంలోనే రెండు రాష్ట్రాలకూ పదేళ్లు దాటిపోయాయి. వస్తువు పురావస్తువు కావాలంటే వందేళ్లు నిండాలని 1972 చట్టం అంటుంది. మన పెద్దల చలవవల్ల ఈ పీఠం పదేళ్లకే ఆ హోదా అందుకునేలా ఉంది.

ఇక ఆళ్లగడ్డ శిల్పులు. సుత్తితో తట్టి, మోతను బట్టి రాతిలో పగులుందో లేదో చెప్పగల కుటుంబాలు అక్కడున్నాయి. ఆ పనికే పెద్ద సంస్థలు అల్ట్రాసోనిక్ యంత్రాలు కొంటాయి. అయితే శిల్పికి పీజీలో 55 శాతం మార్కులు లేవు. 55 శాతం వచ్చినవాడు ఉలి పట్టి ఎరగడు. చేతికి డిగ్రీ లేదు, డిగ్రీకి చెయ్యి లేదు. మా నంద్యాల జిల్లాలో ఒక్క గది, నాలుగు పరికరాలు, ఒక రసాయన శాస్త్రజ్ఞుడు, ఆయన పక్కనే జీతమిచ్చి కూర్చోబెట్టిన ఒక ఆళ్లగడ్డ శిల్పి: అడుగుతున్నది ఇంతే. తిరునాళ్ల రంగు డబ్బాల ఖర్చు ఒకసారి కూడి చూస్తే ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదని తెలుస్తుంది.

అది వచ్చేదాకా నా నాలుగు డాక్టరేట్ల ప్రతిపాదనే ఖాయం. స్నాతకోత్సవానికి సంగమేశ్వరం గుడికి మించిన వేదిక లేదు. ఇన్నాళ్లూ ఫైళ్లు కదలనివ్వని పెద్దలందరినీ ముఖ్య అతిథులుగా పిలుద్దాం, గర్భగుడిలోనే కుర్చీలు వేయిద్దాం. తేదీ కూడా చూసి పెట్టాను: ఆగస్టు నెల, కృష్ణకు నిండు వరద వచ్చే రోజు.