నేనొక సూక్ష్మదర్శినిని

రక్తము ఎర్రనిదని లోకమంతయు చెప్పుకొనును. ఒక్క చుక్కను గాజుపలకపై పలుచగా పరచి నా క్రింద నుంచి చూచినవారికి మాత్రము ఆ ఎరుపు ఎక్కడికో పోయి, లేతపసిమి గల గుండ్రని బిళ్ళలు వేనవేలు కానవచ్చును. లీష్మన్ రంగు వేసినపిమ్మట అవి గులాబివన్నె దాల్చగా, వాని నడుమ అక్కడొకటి ఇక్కడొకటిగా ఊదారంగు కేంద్రకములతో తెల్లకణములు కనిపించును. అరుదుగా నుండవలసిన ఆ తెల్లకణములు పసిబిడ్డల రక్తములో గుంపులు గట్టుట చూపుటయే నా వృత్తియైనది.

పుట్టినది జర్మనీ దేశమున వెట్‌జ్లర్ పట్టణములో, లైట్జ్ వారి కర్మాగారమున. ఒక ఇత్తడి గొట్టము, కొన్ని కటకములు, అడుగున వెలుగును పైకి మళ్ళించు అద్దము: ఇంతియే నేను. ఎవరు సానపట్టిరో, ఏ ఓడలో వచ్చితినో చెప్పబూనినచో మీకు విసుగు, నాకు శ్రమ.

నా మొదటి యజమాని కాలమున నా బ్రతుకు సిగ్గుపడదగినది. జ్వరము విడువక, చిగుళ్ళనుండి నెత్తురు కారుచు, దెబ్బ తగులకయే ఒడలెల్ల కమిలినట్లు మచ్చలు దేరిన బిడ్డ రక్తమును నా క్రింద పెట్టెడివారు, నేను చూపెడిదానను, ఆయన కాగితముపై 'లుకేమియా' అని వ్రాసి, నన్ను పెట్టెలో పెట్టి తాళము వేసెడివాడు. అంతకుమించి చేయదగినది ఆనాడు ప్రపంచమున ఎవ్వరికిని లేదు. పేరు మాత్రము చెప్పి ప్రాణము నిలుపజాలని చూపును ఇంత నునుపుగా సానపట్టుట యెందులకని నాలో నేను కుమిలెడిదానను.

ఆ దుర్దశ తొలగిన విధమును, నా రెండవ యజమానియు పిల్లల వైద్యుడును అగు డాక్టరుగారు తన శిష్యులకు చెప్పుచుండగా బల్లపైనుండి వింటిని. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, స్ప్రూ అను గ్రహణివ్యాధికి సోదరులను కోల్పోయి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరి హార్వర్డులో పరిశోధన సాగించి, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేయుచు, రక్తవృద్ధికి అవసరమగు ఫోలిక్ ఆమ్లమును తన బృందముతో కూడి కృత్రిమముగా సిద్ధపరచిరి. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ఆ జాతి పదార్థములను లుకేమియా బిడ్డలకు ఇచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించెను. ఇంకొకరైనచో అంతటితో విరమించియుందురు. ఆయన మాత్రము, దీనివలన పెరుగుచున్నదన్న, దీనికి అడ్డుపడుదానివలన అణగవలెను గదా యని తలపోసెను. అట్లు అడ్డుపడు అమినోప్టెరిను సుబ్బారావుగారి బృందమునుండియే వెళ్ళెను. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన వ్యాసమునుబట్టి, 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము నెమ్మదించెను. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందునకు తోబుట్టువైన మెతోట్రెక్సేటు నేటికిని ఈ బిడ్డలకు ఇచ్చు మందులలో నొకటి. బోస్టనులో ఆ పలకలను చూపిన నా జాతివానిపై నాకు కొంచెము అసూయ కలదు, దాచుకొనుటెందులకు?

ఇక నా స్వంత గొప్ప చెప్పుకొనవలెనన్న, విశాఖపట్నము చెంత సముద్రతీరపు పల్లెయగు యారాడనుండి వచ్చిన ఒక పిల్లను గూర్చి చెప్పవలెను. తండ్రి చేపల వేటకు పోవువాడు. కొండ దాటి కూతురును భుజముపై మోసికొని వచ్చెను. డాక్టరుగారు పిల్ల వ్రేలిని గ్రుచ్చి, చుక్కను పరచి, రంగు వేసి ఆరబెట్టి, దేవదారు నూనెబొట్టు నొకదానిని దానిపై విడిచి, నా పెద్ద కటకమును ఆ నూనె తాకువరకు దించిరి. కండ పలుచనై గింజయే నిండియున్న నేరేడుపండ్లవలె, కేంద్రకమే తానై నిండిన పసికణములు ఆ వెలుగు వలయమంతట నుండెను. ఎముకలోని మూలుగు తీసి చూచినను అవియే. మెతోట్రెక్సేటు, ప్రెడ్నిసొలోను, వాటితోపాటు విన్‌క్రిస్టీను మొదలుపెట్టిరి. ఈ కడపటి మందు బిళ్ళగన్నేరునుండి తీయునది. యారాడ పెరళ్ళలో ఎవరును నాటకయే మొలచి, మేకలును ముట్టని మొక్క! కొన్ని వారములకు మరల మూలుగు తీసి నా క్రింద పెట్టగా, నూరింట అయిదైనను పసికణములు లేవు. డాక్టరుగారు ఒకచోట చూచి తృప్తిపడక, పలకను ఇటునటు జరిపి జరిపి వెదకిరి. వెదకుటలో అంత ఆనందము నేనెన్నడును ఎరుగను.

కాని యీ వ్యాధి కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. రెండు సంవత్సరములకు పైగా మందు సాగవలెను. పిల్లకు జుట్టు మొలచి, ఆటలలో పడినపిమ్మట తండ్రి వచ్చి, "గుంటకి బాగైపోనాది బాబూ, ఇంకేటికండి ఈ మందులు? వేట లేక ఇంట్లో గడవట్లేదు" అనెను. డాక్టరుగారు కోపగించుకొనలేదు. వానిని నా ముందు కూర్చుండబెట్టి, పిల్ల మొదటి పలకను, ఇటీవలి పలకను ఒకదాని వెనుక నొకటి చూపిరి. సముద్రమున దూరపు చేపలగుంపును పసిగట్టు ఆ కన్ను ఎంతోసేపు నా గొట్టముపైనుండి లేవలేదు. "ఆ నల్లయి మళ్ళీ వస్తాయేటి?" అని మాత్రము అడిగెను. మందు సాగెను. అట్లు కూర్చుండి చూడకయే వెడలిపోయిన తండ్రులును కలరు. వారి బిడ్డల రక్తమును కొన్నినెలలకు నేను మరల చూచితిని. ఆ సంగతి విస్తరింపను.

పని ముగిసిన ప్రతిదినమును డాక్టరుగారు జైలాలు తడిపిన మెత్తని గుడ్డతో కటకమునకంటిన నూనె తుడిచి, నా పెట్టెలో సిలికా గుళికల సంచి యుంచెడివారు. నీలముగా నుండు ఆ గుళికలు తేమ పీల్చి గులాబిరంగునకు మారగానే పెనముపై వేడిచేసి మరల నీలము చేసెడివారు. విశ్రాంతి తీసికొని యారాడలో సముద్రమునకు దగ్గరగా ఇల్లు కట్టుకొన్నపుడును ఆ నియమము తప్పలేదు.

ఆయన పోయినపిమ్మట నా దినములు మారెను. ఎరువు తీసికొనిపోయిన విద్యార్థి యొకడు నూనె తుడువకయే తెచ్చి యిచ్చెను. దేవదారు నూనె ఎండి బంకవలె గట్టిపడి, నా పెద్ద కటకమునకు శాశ్వతముగా పొర గప్పెను. గుళికలు గులాబిరంగున నుండిపోయినవి. యారాడ ఉప్పుగాలి మరలను తినివేయగా, తేమకు పెరిగిన బూజు కటకములపై వేళ్ళు పారించెను. బూజును ఇంత దగ్గరగా చూచు అవకాశము నాకు వచ్చునని ఎన్నడును అనుకొనలేదు. మనుమడు నా కంటికటకమును ఊడదీసి, ఎండలో కాగితము కాల్చి, ఇసుకలో ఎక్కడనో పోగొట్టెను. ఇనుపసామాను కొనువాడు నన్ను చేత తూచి, "ఇత్తడి బానే ఉందండి" అనెను. నన్ను గూర్చి ఎవరైనను మెచ్చుకొనినది మరల అప్పుడే.

ఇప్పుడు విశాఖపట్నపు అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి వెలసినది. కణముల పైనున్న గుర్తులను లేజరు వెలుగులో పోల్చి లెక్కించు యంత్రములును లోకమున వచ్చినవి. వానిపై నాకు కోపము లేదు. ఎంత పెద్ద యంత్రమున్నను మొదట రక్తపు పలకనే చూతురట. నా కోపమంతయు ఇంటివారిపైననే. తీరమున క్రొత్తగా కట్టుచున్న విడిదిగృహమువారు నన్ను కొని, కంటికటకము ఉండవలసినచోట బల్బు బిగించి, ముందుగదిలో బల్లదీపముగా నుంచెదరట. నాకు వెలుగు క్రిందినుండి రావలెనని వారికి చెప్పువారెవరు?